తీవ్ర మానసిక వ్యాధుల జన్యు పరిశోధన: గుంటూరు, బెజవాడ ఓపీల నుంచి మొదలుపెట్టడం ఎలా

స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బుల జన్యుమూలాలు వెతకాలనుకునే వైద్య విద్యార్థులు ముందుగా అడిగేది సీక్వెన్సింగ్ యంత్రం ఎక్కడ దొరుకుతుందని. ఆ ప్రశ్న పక్కన పెట్టండి. డబ్బు కడితే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏదో ఒక ల్యాబ్ డీఎన్ఏ చదివిపెడుతుంది. డబ్బు పెట్టినా దొరకనివి రెండు: నిక్కమైన రోగనిర్ధారణ, నిక్కమైన వంశవృక్షం. రోగి తల్లి దగ్గరో మేనత్త దగ్గరో తీరుబడిగా కూర్చుని, వాళ్ళ మాటల్లోనే మాట్లాడితే తప్ప అవి రావు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు వాటికే.

చదువు, కాలం

ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు, ఎండీ సైకియాట్రీ మూడేళ్ళు, పీహెచ్‌డీ కూడా చేస్తే మరో నాలుగైదేళ్ళు. పద్దెనిమిదో ఏట గుంటూరు మెడికల్ కాలేజీలోనో బెజవాడ సిద్ధార్థలోనో చేరినవాళ్ళకి సొంత పరిశోధన మొదలుపెట్టేసరికి ముప్పై దాటుతాయి. అప్పటికి తోటివాళ్ళు సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో బోర్డు పెట్టేసి ఉంటారు. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఎంబీబీఎస్‌లో ఉండగా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి దరఖాస్తు చేయండి. రెండు నెలల చిన్న ప్రాజెక్టు అది. మీ కాలేజీ అధ్యాపకులొకరు గైడుగా ఉండాలి. చాలా దరఖాస్తులు ఎథిక్స్ కమిటీ అనుమతి సకాలంలో రాక మూలపడతాయి. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ముందు కనుక్కుని, దాన్నిబట్టి అంశం ఎంచుకోండి. పాత కేసు షీట్లు చదివి చేసే పని అయితే అనుమతి తేలిగ్గా వస్తుంది.

ఎండీ సీటు నీట్ పీజీ ద్వారానైనా, ఐఎన్ఐ సెట్ ద్వారానైనా రావచ్చు. బెంగళూరు నిమ్హాన్స్, మంగళగిరి ఎయిమ్స్ రెండోదాని కిందకి వస్తాయి. నిమ్హాన్స్‌కి వెళ్ళగలిగితే వెళ్ళండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బున్న కుటుంబాలను ఏళ్ళ తరబడి వెంబడించే ఏడీబీఎస్ అనే కార్యక్రమం 2016లో అక్కడ, బెంగళూరులోనే ఉన్న ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థతో కలిసి మొదలైంది. వెళ్ళలేకపోయినా నష్టం లేదు. ఎండీ మూడేళ్ళలో రోజుకో గంట లినక్స్, ఆర్, ప్లింక్ (జన్యు సమాచారాన్ని కంప్యూటర్లో విశ్లేషించడానికి వాడేవి) నేర్చుకోండి. బయోఇన్ఫర్మాటిక్స్ మనిషిని పెట్టుకున్నా సరే, ఫైలు తెరిచి చూడడం రాని డాక్టరుకి ఎక్కడ తప్పు జరిగిందో ఎప్పటికీ తెలియదు.

థీసిస్ దగ్గర తప్పటడుగు

"వంద మంది రోగులు, వంద మంది ఆరోగ్యవంతులు, ఒక జన్యువు" అనే పథకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఫలితం మాత్రం గాలిలో దీపం. లెక్క చూడండి. ఈ జబ్బుల్లో సాధారణంగా కనబడే ఒక్కో జన్యుభేదం ప్రభావం ఆడ్స్ రేషియోలో (ఆ భేదానికీ జబ్బుకీ సంబంధం ఎంత బలమైనదో చూపే కొలత, 1 అంటే సంబంధం లేనట్టు) 1.1 దాటడం అరుదు. నూటికి 30 క్రోమోజోముల్లో ఉండే భేదం అనుకుందాం. మనిషికి రెండేసి చొప్పున, ఆరోగ్యవంతుల 200 క్రోమోజోముల్లో 60 ప్రతులు కనబడతాయి, రోగుల 200లో 64. తేడా నాలుగు. అసలు ఏ సంబంధమూ లేకపోయినా, ఎవరెవరు నమూనాలోకి వచ్చారన్నదాన్ని బట్టే ఆ తేడా మామూలుగానే తొమ్మిది దాకా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులాటలో మీ నాలుగు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. 2022లో సైకియాట్రిక్ జీనోమిక్స్ కన్సార్టియం 76,755 మంది రోగులను, 2,43,649 మంది ఇతరులను కలిపి చూస్తే గానీ స్కిజోఫ్రీనియాకి 287 స్థానాలు తేలలేదు.

మరి మెడికల్ కాలేజీలో కూర్చుని ఏం చేయాలి? బైపోలార్ జబ్బుకి ఇచ్చే లిథియం మందు పనిచేసిన తీరుని కొలవండి. ఆల్డా స్కేలు చాలు. లిథియం వాడాక జబ్బు ఎంత తగ్గిందో ఏ భాగంలో 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. ఆ తగ్గుదల నిజంగా లిథియం వల్లేనా అనే అనుమానాలకి బీ భాగంలో ఒక్కోదానికి 0 నుంచి 2 చొప్పున అయిదు అంశాలు ఉంటాయి. ఏ లోంచి బీ తీసేస్తే 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినవాళ్ళు మంచి స్పందన ఉన్నవాళ్ళు. లిథియంకి బాగా స్పందించే గుణం కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి ఇది సిసలైన జన్యు పరిశోధనకి పునాది. జన్యుభేదాలు చదివే చిప్ అక్కర్లేదు, కేసు షీట్లూ ఓపికా కావాలి.

లిథియం స్థాయి చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి తీయాలి, ఆకుపచ్చ మూత గొట్టంలో మాత్రం తీయకూడదు. అందులో తరచుగా లిథియం హెపారిన్ ఉంటుంది. మాత్ర మింగని మనిషికి కూడా లిథియం ఎక్కువైనట్టు చూపిస్తుంది, డ్యూటీ డాక్టరు కంగారుపడి మందు ఆపేస్తాడు.

రోగనిర్ధారణ

1987లో అమెరికాలోని ఆమిష్ కుటుంబాల్లో బైపోలార్ జబ్బుకి 11వ క్రోమోజోముతో సంబంధం దొరికిందని నేచర్ పత్రికలో వచ్చింది. మూడేళ్ళు తిరక్కుండానే కూలిపోయింది. అందుకు ఒక కారణం, ఆరోగ్యంగా ఉన్నారని రాసుకున్నవాళ్ళలో ఇద్దరికి తర్వాత జబ్బు రావడం. ల్యాబ్‌లో ఏ తప్పూ లేదు, వంశవృక్షంలో రెండు గడుల రంగు మారిందంతే. కాబట్టి "జబ్బు లేదు" అని రాసిన ప్రతి మనిషి పక్కనా ఆ రోజుకి వయసెంతో తప్పకుండా రాయండి. ఇరవై ఏళ్ళ తమ్ముడికి జబ్బు లేదంటే ఇంకా రాలేదని మాత్రమే అర్థం. అరవై ఏళ్ళ పెదనాన్నకి లేదంటే దాదాపు లేనట్టే.

ఇంటర్వ్యూకి డిగ్స్, కుటుంబ చరిత్రకి ఫిగ్స్ అనే ప్రశ్నావళులు, కేసు షీట్ల నుంచి లక్షణాలు ఏరడానికి 90 అంశాల ఓపీక్రిట్ అనే జాబితా వాడుకలో ఉన్నాయి. డిగ్స్ నిలువునా చేస్తే రెండు మూడు గంటలు పడుతుంది. పల్నాడు నుంచి పొద్దున బస్సెక్కి వచ్చిన మనిషిని ఒకే విడతలో అంతసేపు కూర్చోబెట్టకండి. మధ్యాహ్నం బస్సు గుర్తొచ్చిన క్షణం నుంచి జవాబులన్నీ "లేదండీ" అనే వస్తాయి. రెండు విడతలు చేయండి, రెండోది మందులకి వచ్చే రోజున పెట్టుకోండి. ఇద్దరు సైకియాట్రిస్టులు ఒకరి రాత ఒకరు చూడకుండా నిర్ధారణ రాసి, ఆ తర్వాత పోల్చుకోవాలి. కుదరని కేసుని మూడో మనిషికి చూపించండి. అప్పటికీ తేలకపోతే "తేలలేదు" అనే గడిలో వేయండి. బలవంతంగా ఒక పేరు తగిలిస్తే మొత్తం విశ్లేషణ పలచబడుతుంది.

తీసేయాల్సిన కేసుల్లో గంజాయి, మద్యం, స్టెరాయిడ్లు, థైరాయిడ్, మూర్ఛ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేది ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్స్ జబ్బు. అది రిసెసివ్‌గా (తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ప్రతి అందితేనే) వచ్చేది, మేనరికపు ఇళ్ళలో ఎక్కువగా కనబడేది. ఒకే తల్లి పిల్లలు ఇద్దరికి మతి మారితే అబ్బ, మంచి కుటుంబం దొరికిందనిపిస్తుంది. చేతులు వణుకుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, ఎప్పుడైనా పచ్చకామెర్లు వచ్చాయా అడగండి. సెరులోప్లాస్మిన్ అనే రక్తపరీక్ష చేయించి, కళ్ళు స్లిట్ ల్యాంప్ కింద చూపించండి. అది విల్సన్స్ అయితే పరిశోధనకి ఒక కుటుంబం పోతుంది, వైద్యానికి ఇద్దరు మనుషులు దక్కుతారు.

వంశవృక్షం

ఇంగ్లీషు ఫారాలు తెలుగు ఇళ్ళలో దెబ్బతినేది ఇక్కడే. "మా బాబాయికీ ఇట్టాగే ఉండేదండీ" అని రోగి చెబుతాడు. బాబాయి అంటే నాన్న తమ్ముడు కావచ్చు, పిన్ని మొగుడు కావచ్చు. మొదటివాడైతే రోగితో సగటున పాతిక శాతం డీఎన్ఏ కలుస్తుంది. రెండోవాడైతే, మేనరికం లేని ఇంట్లో, ఏమీ కలవదు. పెదనాన్నతోనూ ఇదే చిక్కు. మామయ్య అనే మాటకి మేనమామ, మేనత్త భర్త, పిల్లనిచ్చిన మామ ముగ్గురూ పలుకుతారు. బావ మరీ కష్టం. అన్న అంటే ఒక్కోసారి సొంత అన్న కాడు, పెదనాన్న కొడుకు. కాబట్టి వరస పేరు రాసుకుని ఊరుకోకండి. ప్రతి మనిషికీ "వాళ్ళ అమ్మెవరు, నాన్నెవరు?" అని అడిగి గీత కలపండి. గీత కలవని మనిషి కాగితం మీద ఉండకూడదు.

మేనరికం గురించి సూటిగా అడిగితే సగం మంది లేదనేస్తారు, దూరపు మేనరికం లెక్కలోకి రాదనుకుంటారు. "పెళ్ళికి ముందు మీ అమ్మ మీ నాన్నని ఏమని పిలిచేది?" అని అడగండి. జవాబు "మామయ్య" అయితే సొంత మేనమామేనా చూడండి. మేనమామ, మేనకోడలు పెళ్ళాడితే పిల్లల్లో సగటున ఎనిమిదో వంతు జీనోము రెండు వైపులా ఒకే ప్రతి అవుతుంది. మేనత్త మేనమామ పిల్లలు పెళ్ళాడితే పదహారో వంతు. ఇలాంటి ఇళ్ళలో ఒకే మనిషి వృక్షంలో రెండు చోట్ల తగులుతాడు, తాత వరసలోనూ మామ వరసలోనూ. రెండు గడులు గీసేస్తే జబ్బున్న ఒక్కడు ఇద్దరైపోతాడు. ఒక్క గడే గీసి, దాని నుంచి రెండు గీతలు తీయాలి, దంపతుల మధ్య జంట గీత పెట్టాలి.

పేర్లతో ఇంకో తంటా. తాత పేరు మనవలకి పెట్టే అలవాటు వల్ల ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వరరావులు ఉంటారు. రిపోర్టులు తారుమారయ్యేది అందుకే. కాగితం మీద పేర్లు వద్దు, తరానికో రోమన్ అంకె, మనిషికో మామూలు అంకె పెట్టండి. పేర్ల జాబితా వేరే బీరువాలో, తాళంలో.

జబ్బు సంగతి మొదటి రోజు బయటికి రాదు. ఇంట్లో పెళ్ళికి ఎదిగిన పిల్లలుంటే అసలే రాదు, సంబంధాలు తప్పిపోతాయని భయం. "మీ వంశంలో పిచ్చి ఉందా?" అని అడిగే డాక్టరుకి దొరికే జవాబు ఎప్పుడూ ఒకటే. జబ్బు పేరెత్తకుండా బతుకుల గురించి అడగండి. ఎవరైనా చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయారా? పురుగుల మందు తాగో, బావిలో పడో పోయారా? పెళ్ళి కాకుండా ఉండిపోయినవాళ్ళున్నారా? రోజుల తరబడి నిద్ర లేకుండా తిరిగి, ఉన్న డబ్బంతా పంచిపెట్టినవాళ్ళున్నారా? బాలింతగా ఉన్నప్పుడు మనిషి మారిపోయిన ఆడవాళ్ళున్నారా? ఈ చివరి ప్రశ్న బైపోలార్ కుటుంబాల్లో బంగారం. గాలి సోకిందనీ చేతబడి అనీ ఎవరన్నా చెబితే కొట్టిపారేయకండి, అప్పుడు వయసెంత, ఎన్నాళ్ళుంది, తర్వాత పూర్తిగా మామూలైందా అని రాసుకోండి. కోడళ్ళని విడిగా అడగండి. పుట్టింటి మనిషి దాచేది మెట్టినింటి మనిషి చెబుతుంది.

అంగీకారం

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షను ప్రకారం పరిశోధనకి రోగి స్వయంగా, స్వేచ్ఛగా అంగీకరించాలి. అంగీకరించే స్థితిలో లేని మనిషిని చేర్చుకోవాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. తండ్రి సంతకం పెడితే సరిపోదు. జన్యు నమూనాకి తొందరేమీ లేదు, డీఎన్ఏ వచ్చే నెలకీ అదే ఉంటుంది. కాబట్టి మేనియాలో (బైపోలార్ జబ్బులో హుషారు హద్దు మీరే దశలో) ఉన్న మనిషి దగ్గర సంతకం తీసుకోకండి. ఆ మూడ్‌లో దేనికైనా సరేనంటాడు, తగ్గాక కాదంటాడు. డిశ్చార్జి అయ్యాక మొదటి ఓపీలో అడగండి.

ఫారంలో "జన్యువు" అనే మాట చాలామందికి అందదు. "తాత ముక్కు మనవడికి వచ్చినట్టు, ఒంట్లో పోలికలు మోసుకొచ్చే పదార్థం రక్తంలో ఉంటుంది, దాన్ని చూస్తాం" అంటే అర్థమవుతుంది. చెప్పాక ఒక ప్రశ్న వేయండి: "ఇంటికెళ్ళాక మీ ఆయన అడిగితే ఏం చెప్తారమ్మా?" ఆవిడ "రక్తపరీక్ష చేశారు, మందు మారుస్తారంట" అంటే అంగీకారం ఇంకా రానట్టే. మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. దారి ఖర్చులివ్వచ్చు. ఉచిత వైద్యం ఎర చూపకూడదు.

నమూనాలు విదేశానికి పంపాలన్నా, విదేశీ నిధులతో పని చేయాలన్నా ఆరోగ్య మంత్రిత్వశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి తప్పదు. దానికి నెలలు పడుతుంది, పథకంలో ఆ కాలం వేసుకోండి.

రక్తం

మనిషికి 10 మి.లీ., ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టాల్లో. రెండు టీస్పూన్లంత అని చూపిస్తే భయం పోతుంది. గొట్టాన్ని వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి, అసలు తిప్పకపోతే గడ్డకడుతుంది. హెపారిన్ గొట్టం వద్దు, అది పీసీఆర్‌ని (డీఎన్ఏ ప్రతులు పెంచే పద్ధతిని) అడ్డుకుంటుంది. లేబులు రోగి ఎదుటే, రక్తం తీసిన తర్వాతే అంటించండి. ముందే అంటించి వరసగా పెట్టుకున్న గొట్టాల్లోనే అన్నదమ్ముల రక్తాలు మారిపోతాయి. బాల్‌పెన్ రాత ఆల్కహాల్ తగిలితే పోతుంది, మామూలు అంటుకాగితం మైనస్ 80 డిగ్రీల్లో ఊడిపోతుంది. ఫ్రీజర్ లేబుళ్ళే కొనండి.

గుంటూరు ఎండల్లో గొట్టాలు ఆటోలో తిరగకూడదు. ఐస్‌ప్యాకులున్న పెట్టెలో, ప్యాకుకి గొట్టం నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, రెండు మూడు రోజుల్లో డీఎన్ఏ తీసేయండి. సూది అంటే భయపడే మనిషి దగ్గర ఉమ్మి కిట్టులో 2 మి.లీ. తీసుకోవచ్చు. అరగంట ముందు నుంచి తిండి, నీళ్ళు, కిళ్ళీ, ఖైనీ ఏవీ ఉండకూడదు. కిళ్ళీ నమిలిన నోటి నమూనా ఎర్రగా వస్తుంది, కొలతలన్నీ తప్పుతాయి.

ఖరీదైన కిట్లు లేకపోతే ఉప్పు పద్ధతి చాలు. ఎర్రకణాలు పగలగొట్టే ద్రావణంతో రెండుసార్లు కడగండి. అడుగున మిగిలిన ముద్ద తెల్లగా ఉండాలి, గులాబీ రంగుంటే మళ్ళీ కడగాలి. ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్ కే వేసి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. 6 మోలార్ ఉప్పు నీళ్ళు పోసి 15 సెకన్లు గట్టిగా కుదిపి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైతేటకి రెండింతలు చల్లటి ఎథనాల్ కలిపితే డీఎన్ఏ తెల్లటి దూదిపోగులా తేలుతుంది. 70 శాతం ఎథనాల్‌తో కడిగి, ఆరబెట్టి, టీఈ బఫర్‌లో కరిగించండి. ఒక మి.లీ. రక్తానికి 20 నుంచి 40 మైక్రోగ్రాములు వస్తే బాగా వచ్చినట్టు. చిప్‌కి కావాల్సింది 200 నానోగ్రాములే. కాంతిని ఎంత పీల్చుకుందో 260, 280 నానోమీటర్ల దగ్గర కొలిచి తీసే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి, తగ్గితే ప్రొటీను మిగిలింది. 260/230 బాగా తగ్గితే ఉప్పు మిగిలింది, మళ్ళీ కడగండి. ప్రతి నమూనానీ రెండు వాటాలు చేసి రెండు వేర్వేరు ఫ్రీజర్లలో, కుదిరితే రెండు వేర్వేరు కరెంటు లైన్ల మీద పెట్టండి.

లెక్కల్లో మన ఊళ్ళ ప్రత్యేకత

96 గుంటల ప్లేటులో రోగులనీ ఇతరులనీ కలగలిపి వేయండి. రోగులంతా ఒక ప్లేటు, ఇతరులంతా మరో ప్లేటు అయితే దొరికేది జబ్బు జన్యువు కాదు, ప్లేటు తేడా. ఒకటి రెండు గుంటలు ఖాళీ, ఒకటి రెండు అదే నమూనా రెండోసారి. ఫలితాలు రాగానే ముందు చూడాల్సింది లింగం. ఫైల్లో ఆడ, డీఎన్ఏలో మగ అని వస్తే ఆ వరసంతా అనుమానించండి.

బంధుత్వం విషయంలో మాత్రం ఐరోపా నియమాలు ఇక్కడ సాగవు. దగ్గరి బంధువులు దొరికితే తీసేయమని అవి చెబుతాయి. కులంలోపలే, మేనరికంలోపలే పెళ్ళిళ్ళు జరిగే చోట అలా తీస్తూ పోతే చాలామంది పోతారు. తీసేయకుండా బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడండి. రోగులు ఏ కులాల నుంచి, ఏ ఊళ్ళ నుంచి వచ్చారో ఇతరులూ అక్కడి నుంచే రావాలి. రోగులు పల్నాడు పల్లెల వాళ్ళు, పోలిక కోసం తీసుకున్నవాళ్ళు హాస్టల్ విద్యార్థులు అయితే ఆ తేడానే ఫలితంగా కనబడుతుంది.

ఈ అంతర్వివాహమే మన బలం కూడా. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ హార్వర్డ్ బృందమూ కలిసి 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఫిన్లాండ్ వాళ్ళకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలమైన మూలపురుష ప్రభావం (కొద్దిమంది పూర్వీకుల నుంచే అందరూ రావడం వల్ల వాళ్ళ అరుదైన మార్పులు సమూహమంతా పాకడం) కనబడింది. కండరాలు సడలించడానికి మత్తు డాక్టర్లు వాడే సక్సినైల్‌కోలిన్ ప్రభావం వైశ్యుల్లో కొందరికి తొందరగా దిగకపోవడం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఈసీటీ (కరెంటు షాకు చికిత్స) ఇచ్చేముందు కూడా అదే మందు వాడతారు కాబట్టి ఇది మనకి పుస్తకాల సంగతి మాత్రమే కాదు. మామూలు భేదాల వేటలో వేల మంది కావాలి గానీ, అరుదైన బలమైన మార్పుని పట్టుకోవడానికి ఇలాంటి చోట ఒక్క పెద్ద కుటుంబం కూడా దారి చూపవచ్చు. ఐరోపావాళ్ళ మీద తయారైన పాలిజెనిక్ స్కోరును (వేల భేదాల ప్రభావాలు కూడి వేసే ముప్పు అంచనాను) మాత్రం ఇక్కడి మనిషికి లెక్కకట్టి చేతిలో పెట్టకండి, దక్షిణాసియా వాళ్ళలో అది సరిగా తూగదు.

కుటుంబానికి తిరిగి ఏం చెప్పాలి

అందరూ అడిగేది "పిల్లలకి వస్తుందా?" అనే. స్కిజోఫ్రీనియా జనంలో నూటికి సుమారు ఒకరికి వస్తుంది, తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో నూటికి సుమారు పది మందికి. రెండో వైపు నుంచి కూడా చెప్పండి: తొంభై మందికి రాదు. రూపు ఒకటే అయిన కవలల్లో ఒకరికుంటే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు.

పరిశోధనలో దొరికే చాలా ఫలితాలు ఒక మనిషి వైద్యాన్ని మార్చవు, వాటిని చెప్పక్కర్లేదు. స్కిజోఫ్రీనియా ముప్పుని బాగా పెంచే మార్పు, అంటే 22వ క్రోమోజోములో 22క్యూ11.2 దగ్గర ముక్క లోపించిందని తేలితే మాత్రం పిలిపించాలి. ల్యాబ్ తప్పు కాదని కొత్త రక్తంతో మళ్ళీ పరీక్ష చేయించండి. గుండెకి ఎకో, రక్తంలో కాల్షియం, థైరాయిడ్ చూడండి. వీళ్ళలో కాల్షియం పడిపోయి మూర్ఛలు రావచ్చు, స్కిజోఫ్రీనియాకి ఇచ్చే క్లోజపిన్ కూడా మూర్ఛల గడప తగ్గించే మందే. కాల్షియం సరిచేశాకే క్లోజపిన్ మొదలుపెట్టి, మోతాదు మామూలుకన్నా నెమ్మదిగా పెంచండి. మొదటి 18 వారాలూ వారం వారం తెల్లకణాల లెక్క ఎలాగూ చూస్తారు కాబట్టి, అదే సూదితో కాల్షియంకి కూడా ఒక గొట్టం తీసుకోమని నర్సుకి చెప్పండి.